చీము చిగురులో, రూట్ కెనాల్ పంటికి: ఈ వరస ఎలా వచ్చింది?

దవడ పన్ను ఊగుతోంది, చిగురు పక్కనుంచి చీము కారుతోంది అని వెళ్తే డాక్టరు ముందు రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసేసి, అది ఉండే కాలువ శుభ్రం చేసి మూసేయడం) చేద్దాం, చిగురు సంగతి రెండు మూడు నెలలాగి చూద్దాం అంటారు. చీమేమో చిగుళ్ళలో, రంధ్రం పెట్టేదేమో పంటికి, ఇది డబ్బులు గుంజే యవ్వారం కాదు కదా అని అనుమానం రావడం సహజమే. నాకూ వచ్చింది. కానీ ఈ వరస వెనక వందేళ్ళ తగవు ఉంది.

1910లో విలియం హంటర్ అనే లండన్ వైద్యుడు మాంట్రియల్‌లో ఒక ప్రసంగం చేశాడు. కుళ్ళిన వేర్ల మీద బంగారు తొడుగులు వేసి దంతవైద్యులు సమాధులు కడుతున్నారని, ఒంట్లో సగం రోగాలకు మూలం అదేనని తిట్టిపోశాడు. నిజానికి ఆయన కోపం తొడుగుల మీద, వేరు వైద్యం మీద కాదు. అయినా జనం ఎలా విన్నారంటే, ఆ తర్వాత ముప్పై ఏళ్ళపాటు అమెరికాలో, బ్రిటన్‌లో అనుమానం వచ్చిన పన్నునల్లా పీకేశారు. పీకేసే పంటికి రోగం నరంలో మొదలైందా చిగురులో మొదలైందా అని ఎవరు అడుగుతారు?

అడిగినవాళ్ళు లేకపోలేదు. చిగుళ్ళ జబ్బు ముదిరితే లోపలి నరానికి ఏమవుతుందని 1919లోనే టర్నర్, డ్రూ అనే పరిశోధకులు చూశారు. 1964లో సిమ్రింగ్, గోల్డ్‌బర్గ్ దాన్ని తిరగేసి, చచ్చిన నరంలోంచి కూడా జబ్బు చిగురు వైపు ఎక్కుతుందన్నారు. మరుసటి ఏడాది కకేహాషి బృందం ఎలుకల పళ్ళకు రంధ్రాలు పెట్టింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో నరం బతికి గాయం మూసుకుంది, మామూలు ఎలుకల్లో నరం చచ్చి చీము పట్టింది. అంటే అసలు దోషి బ్యాక్టీరియా. అది ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ పోవడానికి దారి కావాలి, వేరు కొసన ఉన్న రంధ్రం ఎటూ ఉంది. పక్కదారుల లెక్క 1975లో తేలింది. బ్రెజిల్‌లో డి డ్యూస్ 1140 పళ్ళు పరీక్షిస్తే 27.4 శాతంలో ప్రధాన కాలువ కాక పక్క కాలువలు కూడా కనిపించాయి.

ఈలోగా 1972లో సైమన్, గ్లిక్, ఫ్రాంక్ ముగ్గురూ జబ్బు ఎక్కడ మొదలైందన్నదాన్ని బట్టి ఐదు రకాలు చేశారు. ఇప్పటికీ డెంటల్ విద్యార్థులు బట్టీ పట్టేది అదే. నాకు మాత్రం అది పరీక్షకి పనికొచ్చినంతగా రోగికి పనికిరాదనిపిస్తుంది, ఎందుకంటే పన్ను ఊగే దశలో వచ్చిన మనిషికి ఏది ముందో ఎక్స్‌రే చెప్పదు. 2017లో చికాగోలో జరిగిన చిగుళ్ళ జబ్బుల ప్రపంచ సదస్సు ఆ ప్రశ్ననే పక్కన పెట్టేసింది. 2018లో అచ్చైన కొత్త వర్గీకరణ అడిగేది వేరే: వేరు పగిలిందా, చిల్లి పడిందా, కరిగిందా? చిగురుకీ పంటికీ మధ్య సందు ఒకవైపే లోతుగా ఉందా, ఒకటికి మించిన వైపుల ఉందా?

ఇక ఆ వరస సంగతి. చల్లటిది తగిలించినా పన్ను పలకడం లేదంటే నరం చచ్చినట్టే అనుకుని ముందు కాలువ శుభ్రం చేస్తారు, ఎందుకంటే లోపల కుళ్ళు ఉండగా పైన చిగురు కోసి ఎంత గీకినా మళ్ళీ చీము పడుతుంది. పైగా జబ్బు నరం నుంచే వచ్చి ఉంటే, అంటే ఒకేచోట సన్నగా లోతైన సందు ఉండి మిగతా చిగుళ్ళు బాగుంటే, కాలువ శుభ్రమయ్యాక ఎముక దానంతటదే తిరిగి కట్టుకునే అవకాశం ఉంది. తొందరపడి వేరుని గీకేస్తే చిగురుని వేరుకి పట్టి ఉంచే పొర ఊడిపోతుంది. అందుకే ఆ రెండు మూడు నెలలు. అప్పటికీ సందు మూయకపోతే మిగిలింది చిగుళ్ళ జబ్బే, పన్ను నిలుస్తుందా పోతుందా అన్నది చాలామటుకు అక్కడే తేలుతుంది.