చెల్లెలి కూతురు రాణి అయిన ఇల్లు

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్ 1656లో గీసిన ‘లాస్ మెనీనాస్’ ఉంది. నడుమ నిలబడ్డ ఐదేళ్ల పిల్ల రాకుమారి మార్గరీత. చెలికత్తె మోకాళ్ల మీద వంగి, పళ్లెంలో చిన్న ఎర్రమట్టి కూజా అందిస్తోంది. వెనక గోడ మీది అద్దంలో అమ్మానాన్నలు మసకగా కనిపిస్తారు. నాన్న హాబ్స్‌బర్గ్ వంశపు స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్. అమ్మ మరియానా ఆయన సొంత చెల్లెలి కూతురు.

మరియానాని మొదట ఫిలిప్ కొడుక్కే అనుకున్నారు. ఆ అబ్బాయి 1646లో చనిపోయాడు. 1649లో మేనమామే పెళ్లి చేసుకున్నాడు. ఆయనకి 44, ఆమెకి 14. రాజ్యం బయటి ఇంటికి పోకూడదన్నదే ఆ వంశం పట్టుదల. పొలం చేతులు మారకుండా మేనరికాలు చూసుకున్న మన ఇళ్లకి ఈ లెక్క కొత్తది కాదు.

వాళ్లకి ఐదుగురు పుడితే పెద్దయ్యేదాకా బతికింది మార్గరీత, తమ్ముడు కార్లోస్. ఆమెనీ 1666లో అమ్మ తమ్ముడు లియోపోల్డ్‌కే ఇచ్చారు. నలుగురిని కని 21 ఏళ్లకే పోయింది. ఆ నలుగురిలో ఒక్క కూతురే మిగిలింది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

1661లో పుట్టిన కార్లోస్‌కి మేనత్తే అమ్మమ్మ. మాటా నడకా ఆలస్యంగా వచ్చాయి. కింది దవడ బాగా ముందుకొచ్చి నమలడమే కష్టమయ్యేది.

దాదాపు ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా చాలాసార్లు రెండోది పని నడిపిస్తుంది. రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వస్తే, ఆయనలో దాగిన లోపం బయటపడొచ్చు. రెండూ అలా వచ్చే అవకాశం మామూలు బావామరదళ్ల పిల్లలకి 6.25 శాతం, మేనమామ-మేనకోడలి పిల్లలకి 12.5. అన్నాచెల్లెళ్లకి పుట్టినా 25. స్పెయిన్ జన్యుశాస్త్రవేత్తలు 16 తరాల్లో మూడు వేలకు పైగా బంధువులని తవ్వితీసి 2009లో లెక్కగట్టారు. వంశానికి స్పెయిన్‌లో ఆద్యుడు మొదటి ఫిలిప్‌కి అది 2.5 శాతం. కార్లోస్‌కి 25.4!

ఒక్క పెళ్లితో అంత కాదు. తరం మీద తరం పేరుకుంది. ‘మావన్నీ మేనరికాలే, ఎవరికేమైంది?’ అనే పెద్దవాళ్లకి నేను చెప్పేది ఇదే: మీ అమ్మానాన్నలది, తాతా అమ్మమ్మలది కూడా కలిపి చూడండి. 1527–1661 మధ్య ఆ రాజకుటుంబాల్లో పుట్టిన 34 మంది పిల్లల్లో 10 మంది ఏడాది నిండకుండానే, మొత్తం 17 మంది పదేళ్లలోపే పోయారు. రాజవైద్యులు అందుబాటులో ఉన్న ఇళ్లవి.

కార్లోస్‌కి రెండు పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు కలగలేదు. 1700 నవంబరు 1న, 39 నిండడానికి ఐదు రోజుల ముందు కన్నుమూశాడు. సింహాసనం వీలునామా ప్రకారం ఫ్రాన్స్ బూర్బన్ వంశంలోని సవతి అక్క మనవడికి వెళ్లింది. దానికోసం 1701 నుంచి 1714 దాకా యూరప్ కొట్టుకుంది. ఇప్పటి స్పెయిన్ రాజు ఆరో ఫెలిపేదీ ఆ బూర్బన్ వంశమే.