కొత్త మట్ట విచ్చుకునేదాకా ఆగండి

ఎండకు కాలిన అరెకా పామ్ మట్టను దగ్గరగా చూడండి. రెబ్బ నడిభాగం ముందు తెల్లబారి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే విరిగేంత పెళుసుగా ఉంటుంది. పై రెబ్బ నీడ పడిన మేర మాత్రం, గీత గీసినట్టు, పచ్చదనం అలాగే మిగిలి ఉంటుంది. వేరు ఒకటే, నీరు ఒకటే, మట్టి ఒకటే; తేడా వెలుగులోనే ఉంది. కొసల నుంచి లోపలికి పాకే ఎండుదల సంగతి వేరు. అది నీటి ఎద్దడికో, కుండీ మట్టిలో పేరుకున్న ఉప్పుకో గుర్తు. మచ్చల మధ్య నీడ అచ్చు కనిపించిందంటే మాత్రం కారణం ఎండే.

గోదావరి ఒడ్డున కడియం చుట్టుపక్కల నర్సరీల్లో పెరిగిన పామ్ మొక్కలు లారీలెక్కి దేశంలోని ఎన్నో నగరాలకు చేరతాయి. వాటిలో చాలావాటికి షేడ్‌నెట్ నీడ తప్ప నేరు ఎండ తెలియదు. కొన్నవాళ్లు ముచ్చటపడి తీసుకెళ్లి డాబా మీద పెడతారు. నాలుగు రోజుల్లో ఆకు తెల్లబారుతుంది. తెగులనుకుని మందు కొడతారు, లేదా నర్సరీవాళ్లు మోసం చేశారనుకుంటారు. రెండూ కాదు. 75 శాతం షేడ్‌నెట్ కింద మొక్కకు అందేది నాలుగో వంతు వెలుగే. అక్కడి నుంచి ఆరుబయటికి వస్తే ఒక్క పూటలో వెలుగు నాలుగు రెట్లవుతుంది.

నీడలో పుట్టిన ఆకు నిర్మాణమే వేరు. పలుచగా, వెడల్పుగా ఉంటుంది. వెలుగు కరువున్న చోట ప్రతి కిరణాన్నీ ఒడిసిపట్టేందుకు వీలుగా దాని హరితరేణువుల్లో పత్రహరితం దట్టంగా అమరి ఉంటుంది. పట్టిన శక్తితో చక్కెర తయారుచేసే యంత్రాంగం మాత్రం చిన్నది. పూర్తి ఎండలో ఐదో వంతు వెలుగు చేరేసరికే ఇలాంటి ఆకుల్లో చాలావాటికి వాడుకునే శక్తి నిండిపోతుంది. మిగతా వెలుగును వద్దనడానికి వీల్లేదు. పత్రహరితం దాన్ని పట్టుకుంటూనే ఉంటుంది. ఆ మిగులు శక్తి ఆక్సిజన్‌కు సోకి, చురుకైన హానికర రూపాలు పుడతాయి. అవి కణాల పొరలను, చివరికి పత్రహరితాన్నే నాశనం చేస్తాయి. మనకు కనిపించే తెలుపు అదే.

ఆకు చేతులు ముడుచుకుని కూర్చోదు. వెలుగు పెరిగిన నిమిషాల్లోనే వయొలాజాంథిన్ అనే రంగుపదార్థాన్ని జియాజాంథిన్‌గా మార్చుకుంటుంది. మొక్కజొన్న గింజకు పసుపునిచ్చే వాటిలో ఈ జియాజాంథిన్ ఒకటి. ఇది మిగులు శక్తి వేడిగా బయటికి పోయేందుకు తోడ్పడుతుంది. కిరణజన్య సంయోగక్రియలో డీ1 అనే ప్రొటీన్ ఎండ ధాటికి ముందుగా దెబ్బతింటుంది. ఆకు దాన్ని విప్పి, కొత్తది చేసి, మళ్లీ బిగిస్తూనే ఉంటుంది. మరమ్మతు కన్నా నష్టం వేగంగా జరిగినప్పుడే ఆకు ఓడిపోతుంది. వెలుగును కొద్దికొద్దిగా పెంచితే రోజుల వ్యవధిలో ఈ రక్షణ పదార్థాల నిల్వ పెరుగుతుంది. గాజు కప్పు కింద పెరిగిన మొక్కకు ఇంకో లోటు ఉంటుంది. గాజు అతినీలలోహిత కిరణాల్లో తీవ్రమైన భాగాన్ని దాదాపుగా ఆపేస్తుంది కాబట్టి, వాటిని అడ్డుకునే ఫ్లేవనాయిడ్లు ఆకు పైపొరలో చాలినంత తయారై ఉండవు.

ఇన్ని మార్చుకోగల ఆకు ఒక్కదాన్ని మార్చుకోలేదు: తన మందాన్ని. కట్టేసిన ఇంటికి గోడల మందం పెంచలేం కదా, ఇదీ అంతే. ఎండకు తగిన మందపాటి ఆకు కావాలంటే అది కొత్తగా పుట్టాల్సిందే.

పామ్ మొక్కల కష్టం ఇక్కడే మొదలవుతుంది. గులాబీ ఆకులు రాల్చుకుని పది చోట్ల చిగురిస్తుంది. పామ్ కాండానికి ఉన్నది ఒక్క మొవ్వు. అరెకా గుబురుగా కనిపించినా అందులో ఏ కాండం మొవ్వు దానిదే. కాసే కొబ్బరిచెట్టే ఏడాదికి సుమారు పన్నెండు మట్టలు వేస్తుంది. కుండీలో మొక్క అంతకన్నా నిదానం. అందుకే ఎండ అలవాటు చేయడమంటే పాత ఆకును గట్టిపరచడం కాదని నా అభిప్రాయం. కొత్త ఆకు వచ్చేదాకా పాతదాన్ని బతికించుకోవడమే అసలు పని.

పాత ఆకు విలువ ఇంతకన్నా ఎక్కువే. 2001లో యానో, తెరషిమా అనే జపాన్ శాస్త్రవేత్తలు చక్రవర్తికూర మొక్కపై ఒక చక్కని ప్రయోగం చేశారు. లేత చిగురుకు నీడ కల్పించి, ముదురు ఆకులను మాత్రం వెలుగులో ఉంచారు. నీడలోనే ఎదిగినా ఆ చిగురాకు లోపలి కణాల వరసలు ఎండలో పుట్టిన ఆకు తీరుగానే అమరాయి. ముదురు ఆకులు చూసిన వెలుగు కబురు చిగురుకు అందిందన్నమాట. చక్రవర్తికూరకు, పామ్‌కు చుట్టరికం దూరమే. అయినా చుట్టూ మడిచిన మట్టల మధ్య, చీకట్లో రూపుదిద్దుకునే మొవ్వాకును తలచుకుంటే ఆ ప్రయోగం నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది.

కాబట్టి మచ్చపడిన మట్టలను చూడ్డానికి బాగాలేవని నరికేయకండి. సగం పచ్చగా ఉన్న మట్ట సగం పని చేస్తూనే ఉంటుంది. పొటాషియం కొరవడిన పామ్ మొక్కల్లో పాత ఆకులు తీసేస్తే లోపం పై ఆకులకు ఎగబాకుతుందని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ బ్రోషాట్ చూపించారు. కొత్త ఆకుకు కావాల్సిన పొటాషియాన్ని మొక్క పాత ఆకు నుంచే తోడుకుంటుంది.

ఎండ అలవాటు చేయడం మొదలుపెట్టే కాలం ముఖ్యం. హైదరాబాద్‌లో మే రెండో వారంలోనూ, ఆగస్టు తొలి వారంలోనూ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు 21 ప్రాంతంలో సుమారు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. మార్చి నుంచి మే దాకా అసలు ప్రయత్నించవద్దు. నవంబరు, డిసెంబరు నెలలు మంచివి. వానాకాలంలో మబ్బు, గాలిలో తేమ కలిసొస్తాయి. కానీ వారం ముసురు తర్వాత ఒక్కసారిగా కాసే ఎండ ప్రమాదం, ఆ రోజుల్లో షేడ్‌నెట్ ముక్క చేతికందేలా ఉంచుకోండి.

ముందు వేపచెట్టు కింద చెదురుమదురు వెలుగులో పెట్టండి. తర్వాత తూర్పు వైపు, ఎనిమిది తొమ్మిది గంటల దాకా ఎండ పడే చోటుకు మార్చండి. అక్కడి నుంచి వారానికో గంట పెంచవచ్చు. మధ్యాహ్నపు ఎండలోకి జరిపే ముందు లెక్కపెట్టాల్సింది వారాలను కాదు, మట్టలను. బయటికి వచ్చాక కనీసం ఒక్క మట్టైనా పూర్తిగా విచ్చుకోవాలి. అది పాతవాటికన్నా పొట్టిగా, మందంగా, కాస్త పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. అది జబ్బు కాదు, ఎండలో పుట్టిన ఆకు లక్షణం.

దాహంతో ఉన్న మొక్క త్వరగా కాలుతుంది. నీరు చాలనప్పుడు ఆకు తన రంధ్రాలను మూసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, చెమ్మ బయటికి పోదు. దాంతో వాడుకోని వెలుగు పెరుగుతుంది, ఆకు గాలికన్నా వేడెక్కుతుంది. నల్ల ప్లాస్టిక్ కవరులోని వేర్లకు ఆ వేడి మరీ చేటు, కవరుకు నీడ కల్పించండి. ఆకు మీది నీటి బొట్లు భూతద్దంలా కాలుస్తాయన్న భయం మాత్రం అక్కర్లేదు. నునుపైన ఆకుల విషయంలో అది నిజం కాదని 2010లో హంగేరీ పరిశోధకులు నిరూపించారు. అయితే మొవ్వులో నీరు నిలవనీయవద్దు, మొవ్వు కుళ్లుకు అది దారి.

ఆయిల్‌పామ్ నర్సరీల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. తొలి మూడు నెలలు మొలకలను నీడవల కింద పెంచి, ఆ నీడను మెల్లగా తగ్గించి, ఆ తర్వాతే పెద్ద కవర్లలో ఆరుబయట పెడతారు. ఖర్జూరం, రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ కూడా ఇలా అలవాటు చేస్తే నిండు ఎండలో నిలబడతాయి. అరెకాకు మన ఎండలో మధ్యాహ్నం కాస్త చాటుంటే అందం చెడదు. పెద్దచెట్ల నీడన పెరగడానికే పుట్టిన రేపిస్, పార్లర్ పామ్, లికువాలా వంటివాటిని మాత్రం ఎన్ని నెలలు శిక్షణ ఇచ్చినా డాబా ఎండకు ఒప్పించలేం. వాటిని చెట్టు కిందే ఉంచండి.