విశాఖ ఉక్కు: డబ్బు వచ్చింది, గని రాలేదు

2025 జనవరి 17న కేంద్రం విశాఖ స్టీల్ ప్లాంట్‌కు రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో రూ.10,300 కోట్లు ఈక్విటీ, అంటే వాటా పెట్టుబడి. మిగతా రూ.1,140 కోట్లు కొత్త డబ్బేమీ కాదు. నాలుగు నెలల ముందు రోజువారీ ఖర్చుల (వర్కింగ్ క్యాపిటల్) కోసం ఇచ్చిన అప్పునే ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చారు. 2024 మార్చి నాటి లెక్కల్లో ప్లాంట్ ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలు రూ.26,114 కోట్లు. వాటికి ఎదురుగా ఉన్న స్వల్పకాలిక ఆస్తులు రూ.7,686 కోట్లు. ప్యాకేజీ పెద్దదే, కానీ ఈ గొయ్యితో పోల్చి చూస్తే అంత పెద్దగా కనిపించదు.

ఈ ప్లాంట్ చేతికి అందడమే ఆలస్యంగా అందింది. ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైన చోటని నిపుణుల బృందం చెప్పినా, నిధుల్లేవంటూ ఢిల్లీ వెనకడుగు వేసింది. 1966 అక్టోబరులో టి.అమృతరావు విశాఖలో ఆమరణ దీక్షకు కూర్చున్నారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' నినాదం ఊరూరా పాకింది. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. ఆ తర్వాత మూడున్నరేళ్లకు, 1970 ఏప్రిల్ 17న, ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. విశాఖతో పాటు సేలం, హోస్పేటలకూ అదే రోజు వరమిచ్చారు. 1971 జనవరిలో ఆమే శంకుస్థాపన చేశారు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో, ప్లాంట్‌ను నడిపే ఆర్ఐఎన్ఎల్ (రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్) సంస్థ ఏర్పాటు 1982లో, జాతికి అంకితం 1992లో. పునాది రాయికీ పూర్తి ప్లాంటుకూ మధ్య రెండు దశాబ్దాలు గడిచాయి. ఈలోగా రూ.3,897 కోట్ల అంచనా రెట్టింపు దాటింది. పెరిగిన ఖర్చులో పెద్ద వాటా అప్పే కాబట్టి, ప్లాంట్ పుట్టుకతోనే వడ్డీ మోస్తూ పుట్టింది.

భూమి ఇచ్చినవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 64 గ్రామాల నుంచి 20 వేల ఎకరాలకు పైగా సేకరించారు. నిర్వాసితులకు ఉద్యోగ అర్హత కార్డులు ఇచ్చారు, అక్కడి వాళ్లు వాటిని ఆర్ కార్డులంటారు. కార్డు చేతికొచ్చినా ఉద్యోగం రాని కుటుంబాలు ఇప్పటికీ వేలల్లో ఉన్నాయి. ప్లాంట్ మూతపడుతుందన్న మాట వినగానే గాజువాక, కూర్మన్నపాలెం ప్రాంతాల్లో అంత కోపం ఎందుకు వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మొదటి గండం 1990ల చివర్లో వచ్చింది. నష్టాలు పేరుకుపోయి, ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప దాకా వెళ్లింది. అప్పుడు వాజ్‌పేయి ప్రభుత్వం రూ.1,333 కోట్ల అప్పును వాటా మూలధనంగా మార్చింది. ఆ ఘనత తమదేనని తెలుగుదేశం పార్టీ ఈనాటికీ చెప్పుకుంటుంది. ఎవరిదైనా సరే, మందు పనిచేసింది. ఉక్కు ధరలు కూడా కలిసొచ్చి 2002-03 నుంచి ప్లాంట్ లాభాల బాట పట్టింది. 2010లో, పెట్టుబడి నిర్ణయాల్లో ఎక్కువ స్వేచ్ఛనిచ్చే నవరత్న హోదా దక్కింది. ఆ ధీమాతోనే సామర్థ్యాన్ని 30 లక్షల టన్నుల నుంచి మొదట 63 లక్షలకు, తర్వాత 73 లక్షల టన్నులకు పెంచుకుంది. గోదావరి, కృష్ణలకు తోడుగా అన్నపూర్ణ అనే మూడో బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే కొలిమి) వచ్చింది. చేతిలో ఉన్న డబ్బు ఖర్చయింది, బ్యాంకు అప్పులు మళ్లీ పెరిగాయి. ఉత్తరప్రదేశ్‌లోని రాయబరేలీ జిల్లా లాల్‌గంజ్‌లో రైలు చక్రాల ఫ్యాక్టరీ కట్టే బాధ్యత కూడా ఈ సంస్థ నెత్తినే పడింది. అప్పట్లో అది సోనియా గాంధీ నియోజకవర్గమని చెప్పక్కర్లేదు.

అసలు లోటు మాత్రం అలాగే ఉండిపోయింది. సున్నపురాయికి జగ్గయ్యపేట ఉంది, డోలమైట్‌కు మాదారం ఉంది, ఇనుప ఖనిజానికి మాత్రం సొంత గని లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి కొత్తవలస-కిరండూల్ రైలు లైన్ మీద వచ్చే ఖనిజాన్ని కేంద్ర గనుల సంస్థ ఎన్ఎండీసీ దగ్గర మార్కెట్ ధరకు కొనాలి. ప్రభుత్వ రంగంలోనే ఉన్న సెయిల్‌కూ, ప్రైవేటు రంగంలోని టాటా స్టీల్‌కూ సొంత గనులున్నాయి. ధరలు బాగున్నప్పుడు ఈ తేడా బయటపడదు. ధర పడిపోయిన ఏడాది మాత్రం సొంత గని ఉన్నవాడు నిలబడతాడు, లేనివాడు వడ్డీకి కూడా తడుముకుంటాడు. 2011లో ఒడిశా గనుల మీద ఆశతో ఈస్టర్న్ ఇన్వెస్ట్‌మెంట్స్‌లో 51 శాతం వాటాను రూ.361 కోట్లకు కొన్నారు. దాని కింద ఉన్న గనుల లీజుల గడువు తీరిపోయి తవ్వకాలు ఆగిపోవడంతో విశాఖ కొలిమికి ఆ ఖనిజం అక్కరకు రాలేదు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ కమిటీ ఆర్ఐఎన్ఎల్‌లో నూటికి నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కొద్ది రోజులకే అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రధానికి లేఖ రాశారు. సొంత గనులు కేటాయించండి, అప్పును ఈక్విటీగా మార్చండి, వడ్డీ భారం తగ్గించండి అన్నవి అందులోని ముఖ్యమైన సూచనలు. మే నెలలో శాసనసభ అమ్మకానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కార్మిక సంఘాలు ఫిబ్రవరిలోనే కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలుపెట్టి, ఏళ్ల తరబడి శిబిరం ఎత్తలేదు. ఢిల్లీ మాత్రం ఒక మాట మీద నిలబడలేదు. 2023 ఏప్రిల్‌లో ఉక్కు శాఖ సహాయ మంత్రి ఫగ్గన్‌సింగ్ కులస్తే విశాఖ వచ్చి ప్రైవేటీకరణ ఆలోచన ఇప్పట్లో లేదన్నట్టు మాట్లాడారు. మర్నాటికల్లా అదే శాఖ, ప్రక్రియ కొనసాగుతోందని వివరణ ఇచ్చింది. ముడిసరుకుకు పెట్టుబడి పెట్టి బదులుగా ఉక్కు తీసుకునే భాగస్వాముల కోసం ప్లాంట్ ఇచ్చిన పిలుపుకు (ఈఓఐ) స్పందనగా అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం సింగరేణి అధికారుల్ని పంపింది. హడావుడి చాలానే జరిగింది, చివరికి బిడ్ మాత్రం వెయ్యలేదు.

ఈ లోపల ప్లాంట్ క్షీణిస్తూ వచ్చింది. 2021-22లో రూ.913 కోట్ల లాభం చూపిన సంస్థ, మరుసటి ఏడాది రూ.2,858 కోట్లు, ఆ పై ఏడాది రూ.4,848 కోట్లు నష్టపోయింది. యుక్రెయిన్ యుద్ధంతో దిగుమతి కోకింగ్ బొగ్గు ధర మండిపోవడం ఒక కారణమైతే, అమ్మకానికి పెట్టిన సంస్థకు అప్పు పుట్టకపోవడం మరో కారణం. బొగ్గు కొనడానికి డబ్బుల్లేక ఫర్నేస్‌లు ఆగాయి. 2024 సెప్టెంబరు నాటికి మూడింటిలో ఒక్కటే మండుతోంది.

ఫర్నేస్ ఆపడమంటే మిల్లు స్విచ్ ఆపినట్టు కాదు. ఎక్కువ రోజులు ఆగితే అడుగున కరిగిన ఇనుము గడ్డకట్టుకుపోతుంది, మళ్లీ రగిలించడం వారాల పని. బొగ్గును ఫర్నేస్‌కు పనికొచ్చే కోక్‌గా మార్చే కోక్ ఓవెన్‌లైతే ఇంకా సున్నితం. వాటి గోడలకు వాడేది సిలికా ఇటుక, వేడి తగ్గితే పగుళ్లిస్తుంది. ఓవెన్‌లు చల్లబడితే కొత్తగా కట్టుకోవాల్సిందే. బొగ్గు నిల్వ తగ్గినప్పుడల్లా కార్మికులకు వణుకు పుట్టేది ఇందుకే. ఉత్పత్తి సంగతి సరే, ఓవెన్‌లు వేడిగా ఉంచడానికైనా బొగ్గు సరిపోతుందా అన్నదే వాళ్ల టెన్షన్.

కేంద్రం కదలడానికి రాజకీయం కూడా తోడైంది. 2024 ఎన్నికల తర్వాత కేంద్ర ప్రభుత్వం నిలబడటానికి తెలుగుదేశం ఎంపీలు 16 మంది అవసరమయ్యారు. జులైలో కొత్త ఉక్కు మంత్రి కుమారస్వామి ప్లాంట్‌కు వచ్చారు. సెప్టెంబరులో రూ.500 కోట్ల ఈక్విటీ, రూ.1,140 కోట్ల అప్పు వచ్చాయి, జనవరిలో అసలు ప్యాకేజీ. రెండో ఫర్నేస్ అప్పటికే రగిలింది, 2025లో మూడోదీ వెలిగింది. మరోవైపు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం (వీఆర్ఎస్) తెచ్చారు, కాంట్రాక్టు కార్మికుల్ని వేల సంఖ్యలో తీసేశారు. దానికి నిరసనగా మళ్లీ సమ్మెలు.

2021 నాటి అమ్మకం నిర్ణయాన్ని రద్దు చేస్తున్నట్టు మంత్రివర్గం ప్యాకేజీతో పాటు చెప్పలేదు. జగన్ లేఖలోని మూడు సూచనల్లో ఈక్విటీ ఒక్కటే ఏదో రూపంలో అమలైంది. గని ఊసు ప్యాకేజీలో లేదు. అదే సమయంలో అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర ఆర్సెలార్ మిట్టల్ నిప్పన్ స్టీల్ పెట్టబోయే ప్లాంటుకు ఖనిజం అందే ఏర్పాటు చేయించమని రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీలో గట్టిగానే అడిగింది. రెండు ప్లాంట్లకూ ఆధారం ఛత్తీస్‌గఢ్ ఖనిజమే.