టెక్సాస్ ప్రైమరీ గొడవకు మూలం కనెటికట్‌లో ఉంది

టెక్సాస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు నీది ఏ పార్టీ అని అడగరు. ప్రైమరీ (పార్టీ తరఫున పోటీచేసే అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) రోజున నచ్చిన పార్టీ బ్యాలెట్ తీసుకుని ఓటేయొచ్చు. ఆ ఏడాదికి మరో పార్టీ రనాఫ్‌లో (ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే జరిగే రెండో విడతలో) మాత్రం ఓటుండదు. డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్‌ల్లోని తెలుగు ఓటర్లకూ ఇంతే. ఈ పద్ధతి తమకొద్దంటూ అక్కడి రిపబ్లికన్ పార్టీ 2025 సెప్టెంబరులో ఫెడరల్ కోర్టుకెళ్లింది. డెమొక్రాట్లు వచ్చి తమ అభ్యర్థిని తేలుస్తున్నారన్నది దాని ఫిర్యాదు.

ఈ కేసుకు అసలు ఊపిరి 1986 నాటి కనెటికట్ తీర్పు.

అప్పట్లో కనెటికట్ రాష్ట్రంలో రిపబ్లికన్ ఓటర్లు సుమారు 4.25 లక్షలు, ఏ పార్టీలోనూ లేనివాళ్లు, అంటే స్వతంత్రులు, 5.3 లక్షలు. సొంత ఓట్లతో గెలవలేమని తెలిసిన పార్టీ, స్వతంత్రులను తన ప్రైమరీకి రమ్మంటూ 1984లో నిబంధన మార్చుకుంది. రాష్ట్ర చట్టం ఒప్పుకోలేదు. శాసనసభలో చట్టం మారిస్తే డెమొక్రాట్ గవర్నర్ వీటో చేశారు. చివరికి సుప్రీంకోర్టులో 5-4తో పార్టీ గెలిచింది. స్వతంత్ర ఓటర్లు గెలిచారని అందరూ అనుకున్నారు. కానీ కోర్టు గుర్తించింది ఓటరు హక్కును కాదు, తన ప్రైమరీకి ఎవరిని పిలవాలో నిర్ణయించుకునే పార్టీ హక్కును. అంతకు పదేళ్ల ముందు అదే రాష్ట్రంలో స్వతంత్ర ఓటర్లే కేసు వేస్తే, ఓటు కావాలంటే పార్టీలో చేరండి అన్న తీర్పే చివరిదాకా నిలిచింది.

పిలిచే హక్కుంటే వద్దనే హక్కూ ఉన్నట్టే. కాలిఫోర్నియా ఓటర్లు 1996లో దాదాపు 60 శాతం మద్దతుతో, పార్టీతో పనిలేకుండా అందరికీ ఒకే ప్రైమరీ బ్యాలెట్ తెచ్చుకున్నారు. బద్ధశత్రువులైన డెమొక్రాట్లు, రిపబ్లికన్లు దాని మీద మాత్రం ఒక్కటై కేసు వేశారు. 2000లో సుప్రీంకోర్టు 7-2తో ఆ బ్యాలెట్ పద్ధతిని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, 1986 కనెటికట్ కేసులో పార్టీకి వ్యతిరేకంగా నిలిచిన నలుగురిలో ఒకరు!

టెక్సాస్ రిపబ్లికన్లు అడుగుతున్నది ఈ వద్దనే హక్కునే. తమ అభ్యర్థిని తమవాళ్లే ఎంచుకోవాలన్నది వాళ్ల వాదన.

స్వతంత్రుల మాట వేరు. టెక్సాస్‌లో చాలా నియోజకవర్గాల్లో రిపబ్లికన్ ప్రైమరీ గెలిస్తే నవంబరు ఎన్నిక లాంఛనమే. ప్రైమరీల ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వానిది, అంటే వాళ్ల పన్నులది కూడా. పైగా పార్టీ నమోదే లేని రాష్ట్రంలో ఎవరు రిపబ్లికనో తేల్చాలంటే ఆ ప్రైమరీలో ఓటేయాలనుకునే ప్రతి ఓటరూ తన పార్టీ ఏదో ప్రభుత్వ జాబితాలో రాయించుకోవాల్సి వస్తుంది. కొలరాడోలో 2016లో ఓటర్లే ఆమోదించిన చట్టం తర్వాత ఏ పార్టీలోనూ లేనివాళ్లకు రెండు పార్టీల బ్యాలెట్లూ పోస్టులో ఇంటికే వస్తున్నాయి. ఒకటే నింపి పంపాలి, రెండూ పంపితే ఏదీ చెల్లదు. అక్కడి రిపబ్లికన్ పార్టీ కూడా 2023లో కోర్టుకెక్కింది. న్యూ మెక్సికో మాత్రం 2025లో చట్టం చేసి స్వతంత్రులకు తలుపు తెరిచింది.

టెక్సాస్ చట్టాన్ని కోర్టులో సమర్థించాల్సిన అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్, 2025 అక్టోబరులో ఆ చట్టం చెల్లదని తేల్చమంటూ పార్టీతో కలిసే కోర్టులో మోషన్ వేశారు. అప్పటికే ఆయన స్వయంగా 2026 రిపబ్లికన్ సెనేట్ ప్రైమరీలో అభ్యర్థి.