బాక్స్‌వుడ్ వేళ్లకు నీడ కావాలి

మహబూబ్‌నగర్,
రోహిణి కార్తె

పెద్దోడికీ, చిన్నదానికీ తాత ఆశీస్సులు.

దసరాకి నేనిచ్చిన బాక్స్‌వుడ్ అనే పొద మొక్కల రెండు కుండీల్లో ఒకదాని ఆకులు నారింజ రంగుకు తిరిగాయని నిన్న చిన్నది ఫోన్లో ఏడ్చింది. "రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాం తాతా, అయినా ఎండిపోతోంది" అంది. ఫోన్లో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నాను. ముందు ఇవాళ నీళ్లు ఆపండి. మట్టిలోకి రెండు కణుపుల లోతు వేలు గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే రేపు కూడా పోయొద్దు.

ఈ మొక్క వేళ్లు లోతుకు పోవు. పైనున్న జానెడు మట్టిలోనే సన్నగా, దగ్గర దగ్గరగా అల్లుకుంటాయి. వేళ్లకు నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. కుండీలో నీళ్లు నిలిస్తే మట్టిలో గాలి ఉండదు, వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు. అంటే మొక్క నీళ్లలో నిలబడి దాహంతో చచ్చిపోతుందన్నమాట. పైనుంచి చూసేవాళ్లకు ఎండకు ఎండినట్టే కనిపిస్తుంది, అయ్యో అని ఇంకో చెంబు పోస్తాం. నా మొదటి మొక్క అలాగే పోయింది. మీ బాబాయి బెంగళూరు నుంచి తెచ్చిన దాన్ని గేటు పక్కన ఎండలో పెట్టి, మిరప మొక్కకు ఎగదోసినట్టు మొదలు చుట్టూ మట్టి ఎగదోశాను. పీకి చూస్తే వేళ్లు నల్లబడి, మురుగు వాసన వచ్చింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మా ఊరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి చూశారు కదా. 2018లో దానికి చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాల్లో మందు కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. అంత మహావృక్షానికే అంత ఓపికగా పోస్తే, జానెడు మొక్కకు బకెట్లు కుమ్మరించకూడదు.

మీ మొక్కను మెల్లగా బయటికి తీయండి. నల్లగా మెత్తబడిన వేళ్లు కత్తిరించండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున చిల్లు ఉన్న మట్టికుండీలో మళ్లీ పెట్టండి. వేళ్ల ముద్ద చుట్టూ ఉన్న మట్టి కంటే కొంచెం పైకే ఉండాలి, లోతుగా పూడ్చొద్దు. నల్లరేగడి వాడకండి, అది నీళ్లు పట్టేసుకుంటుంది. పైన పల్లికాయ పొట్టు పలచగా పరవండి. ఇక్కడ నేను గద్వాల వైపు నుంచి తెప్పించుకుంటున్నాను. కాండానికి మాత్రం పొట్టు తగలకూడదు. రోళ్లు పగిలే ఈ ఎండలో ఆ పొట్టే వేళ్లకు గొడుగు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టండి. గోడ పక్కన మాత్రం వద్దు, గోడ వేడి రాత్రి దాకా వదలదు. మొదలు దగ్గర గడ్డి మొలిస్తే చేత్తో పీకండి, కొడవలి పెట్టి తవ్వొద్దు.

మీ బోరు నీళ్లకు కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుందా? ఈ మొక్కకు ఉప్పు పడదు. వానలు మొదలయ్యాక వాన నీళ్లు పట్టి పోయండి.

దీని పుట్టిల్లు మన నేల కాదు. యూరప్ దక్షిణాన, ఉత్తర ఆఫ్రికాలో, కాకసస్ దాకా పెరిగే చెట్టు. శాస్త్రీయ నామం బక్సస్ సెంపర్‌వైరెన్స్, రెండో మాటకు ఎప్పుడూ పచ్చగా ఉండేదని అర్థం. సఫ్రుటికోసా అనే పొట్టి రకం ఏడాదికి అంగుళానికి అటూ ఇటూ పెరుగుతుంది. మోకాలి ఎత్తు రావాలంటే చిన్నది డిగ్రీ పూర్తి చేయాలి! అంత నిదానంగా పెరుగుతుంది కాబట్టే కలప గట్టిగా, బరువుగా ఉంటుంది, పచ్చి కలపను నీళ్లలో వేస్తే మునుగుతుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్కకు ఇది పూర్తిగా వ్యతిరేకం. ఇంగ్లండ్‌లో థామస్ బెవిక్ అనే ఆయన ఈ చెక్క మీదే వెంట్రుకంత సన్నటి గీతలతో పక్షుల బొమ్మలు చెక్కి, పుస్తకాల్లో అచ్చు వేశాడు.

పెద్దోడా, కత్తెర చేతికొస్తే నీ చెయ్యి ఆగదని నాకు తెలుసు. ఎండాకాలం పోయేదాకా ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా పైపైన గుండ్రంగా గొరిగి ఊరుకోకు. అలా చేస్తే పైన ఆకు దట్టమై, లోపలికి వెలుతురు పోక, లోపలి కొమ్మలు బోసిపోతాయి. అక్కడక్కడ ఒక్కో రెమ్మను లోపలికంటా తుంచితే వెలుతురూ గాలీ ఆడుతాయి. తుంచిన ఆకును పక్కింటి మేకలకు వేయకండి, అందులో విషం ఉంటుంది. మంచి రెమ్మలుంటే వేలెడంత ముక్కలు ఇసుకలో గుచ్చి నీడన ఉంచుదాం. వేళ్లు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మధ్యలో పీకి చూడొద్దు.

రెండో కుండీ బాగానే ఉందన్నారు. దానికి కూడా వేలు గుచ్చి చూడండి. సాయంత్రం ఫోన్ చేసి, మట్టి తడిగా ఉందో లేదో, వాసన ఎలా వస్తోందో చెప్పండి. నేను ఫోన్ దగ్గరే ఉంటాను.

మీ తాత