మిడి చానెళ్లు: అపోహలు - వాస్తవాలు

మిడి అంటే కీబోర్డు, కంప్యూటర్, వాయిద్యాలు ఒకదానికొకటి సంగీత సూచనలు పంపుకునే పద్ధతి. ఒకే ప్లగిన్‌లో (కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ వాయిద్యంలో) స్ట్రింగ్స్, ఫ్లూట్, బేస్ లోడ్ చేసుకుని పనిచేసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "ఒకటి వాయిస్తుంటే ఇంకోటి ఎందుకు మోగుతోంది?" వెతికితే దాదాపు ప్రతిసారీ ఈ అపోహల్లో ఏదో ఒకటి బయటపడుతుంది.

అపోహ: ట్రాక్ నంబరే చానెల్ నంబరు.

వాస్తవం: ఆ రెండింటికీ సంబంధమే లేదు. ట్రాక్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో భాగానికి ఉండే వరుస. చానెల్ అనేది ప్రతి మిడి మెసేజ్‌లో రాసి ఉండే చిరునామా. కీ నొక్కగానే మూడు బైట్లు వెళ్తాయి. రెండోది ఏ నోటో, మూడోది ఎంత బలంగా నొక్కామో చెబుతుంది. మొదటి బైట్ 144 అయితే "నోట్ మొదలైంది, చానెల్ 1" అని అర్థం. 145 అయితే చానెల్ 2. అలా 159తో పదహారు పూర్తవుతాయి. ఒక్కో ట్రాక్‌కి సొంత ప్లగిన్ ఉంటే వంద ట్రాక్‌లు చానెల్ 1 మీదే ఉన్నా ఏ ఇబ్బందీ రాదు. నాలుగైదు వాయిద్యాలు ఒకే ప్లగిన్‌లోనో, ఒకే హార్డ్‌వేర్ సింథ్‌లోనో ఉన్నప్పుడే చానెల్‌తో పని.

అపోహ: కీబోర్డులో చానెల్ మారిస్తే చాలు.

వాస్తవం: చూడాల్సిన చోట్లు మూడు. కీబోర్డు ఏ చానెల్‌లో పంపుతోంది, ట్రాక్ దాన్ని ఏ చానెల్‌కి మార్చి పంపుతోంది, వాయిద్యం ఏ చానెల్ వింటోంది. ట్రాక్ అవుట్‌పుట్‌లో ఒక నంబరు పెట్టేస్తే చాలా సాఫ్ట్‌వేర్‌లలో కీబోర్డు సెట్టింగ్‌కి విలువే ఉండదు. ఇక మూడోదాన్ని అందరూ మర్చిపోతారు. ఒకసారి నా ఫ్లూట్ లైన్ మొత్తాన్నీ బేస్ కూడా వాయించేస్తోంది. గంటసేపు ట్రాక్‌లన్నీ తిరగేశాను. మిడి మానిటర్ (వెళ్తున్న మెసేజ్‌లను చూపించేది) తెరిస్తే 145 శుభ్రంగా వెళ్తోంది, ట్రాక్ తప్పేమీ లేదు. బేస్ ప్యాచ్ (ప్లగిన్‌లో లోడ్ చేసిన వాయిద్యం) ఆమ్ని మోడ్‌లో ఉండిపోయింది, అంటే ఏ చానెల్‌లో వచ్చినా పలుకుతుంది. ఇప్పుడు ఏ ప్యాచ్ లోడ్ చేసినా ముందు దాని రిసీవ్ చానెలే చూస్తాను.

అపోహ: 10వ చానెల్ డ్రమ్స్‌కే.

వాస్తవం: అది 1991లో వచ్చిన జనరల్ మిడి (ఏ పరికరంలోనైనా వాయిద్యాలు ఒకే నంబర్లలో ఉండాలనే ప్రమాణం) నియమం. ఆ పద్ధతిలో నడిచే పరికరాల్లో తప్ప మిగతా చోట్ల అక్కడ వయొలిన్ పెట్టుకున్నా తప్పు లేదు.

అపోహ: చానెల్ వేరైతే ఆడియో కూడా వేరవుతుంది.

వాస్తవం: కాదు. ప్లగిన్‌లో ఒక్కో వాయిద్యానికి వేరే అవుట్‌పుట్ ఇచ్చి, దాన్ని మిక్సర్‌లో తెరవాలి. లేకపోతే అన్నీ కలిసి ఒకే స్టీరియోగా వస్తాయి.

అపోహ: పదహారు దాటితే ఇక దారి లేదు.

వాస్తవం: పదహారు అనేది ఒక్క పోర్టుకే, అంటే ఒక్క మిడి కనెక్షన్‌కే. ఇంకో పోర్టు వాడొచ్చు, లేదా అదే ప్లగిన్‌ని రెండోసారి తెరవొచ్చు. పాత ఐదు పిన్నుల కేబుల్‌తో మాత్రం జాగ్రత్త. దాని వేగం సెకనుకి 31,250 బిట్లు, ఒక్క నోటుకి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఒకే బీట్ మీద పది నోట్లు పడితే చివరిది వెనకబడటం చెవికి తెలియవచ్చు.

అపోహ: పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందకీ వంచేది) నొక్కిన నోటుకే వర్తిస్తుంది.

వాస్తవం: మామూలు మిడిలో అది చానెల్ మొత్తానికీ వర్తిస్తుంది. సస్టెయిన్ పెడల్ (నోటును మోగుతూ ఉంచేది) కూడా అంతే. ఒక చానెల్‌లో రెండు వాయిద్యాలుంటే రెండూ కలిసే వంగుతాయి. 2018లో ప్రమాణంగా వచ్చిన ఎంపీఈ (మిడి పాలిఫోనిక్ ఎక్స్‌ప్రెషన్) అందుకే ఒక్కో నోటుకి ఒక్కో చానెల్ ఇస్తుంది. ఆ మోడ్ ఆఫ్ చేయకుండా పదహారు వాయిద్యాలున్న ప్లగిన్ మీద ఒక కార్డ్ (ఒకేసారి కొన్ని నోట్లు) నొక్కితే ఒక నోటు ఫ్లూట్‌లో, ఇంకోటి బేస్‌లో, మరోటి స్ట్రింగ్స్‌లో మోగుతుంది.