గెట్ వెనక తోకలు: అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో సాయంత్రాలు ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తాను. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బజార్లో రెండూ కలిపి గలగలా మాట్లాడేస్తారు. ఇంగ్లీష్ మాట గెట్ (get) దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు పెగలదు. "ఒక్క మాటకి ఇన్ని అర్థాలేటి సార్?" అంటారు.

"మన 'పడు'కి ఎన్ని?" అని నేను ఎదురు అడుగుతాను. వాన పడింది. జీతం పడింది. భయపడ్డాడు, రాజీపడ్డాడు, వెంటపడ్డాడు, బయటపడ్డాడు. వీటి జాబితా రాసి ఏ అమ్మా పిల్లల చేత బట్టీ పట్టించలేదు. గెట్ కూడా అలాంటిదే. మనం దాన్ని పట్టుకునే చోటే తప్పు.

అపోహ: గెట్ అంటే 'పొందు'. వెనక వచ్చే ఆన్, ఆఫ్, ఓవర్ ఊరికే తగిలించిన తోకలు.

వాస్తవం: బరువంతా తోకలోనే ఉంది. గెట్ అనేది అసలు ఇంగ్లీష్‌లో పుట్టిన మాట కాదు. ఇంగ్లండు మీదికి వచ్చి స్థిరపడిన వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చింది. మొదట్లో దక్కించుకోవడం అనే అర్థం, తర్వాత ఒక చోటికో స్థితికో చేరడం అనే అర్థం కూడా తోడయింది. ఇప్పుడు గెట్ 'చేరాడు' అని మాత్రం చెప్తుంది, ఎటు చేరాడో తోక చెప్తుంది.

ఓవర్ అంటే అడ్డుగా ఉన్నదాని మీదుగా అవతలికి. గోడ దూకినా గెట్ ఓవరే, జ్వరం నుంచి తేరుకున్నా గెట్ ఓవరే. త్రూ అంటే మధ్యలోంచి దూరి అటువైపు తేలడం. అందుకే ప్లస్ టూ గట్టెక్కడం గెట్ త్రూ, ఎంతకీ కలవని ఫోన్ కలవడం కూడా గెట్ త్రూ. బై అంటే పక్కనుంచి ఎలాగో జారిపోవడం. చాలీచాలని జీతంతో నెట్టుకురావడాన్ని గెట్ బై అంటారు. అప్ అంటే పైకి. వేక్ అప్ అంటే మెలకువ రావడం, గెట్ అప్ అంటే మంచం దిగడం. సెలవు రోజున ఈ రెంటికీ మధ్య రెండు గంటలు పట్టే పిల్లలకి ఈ తేడా ఒక్కసారి చెప్తే చాలు.

అపోహ: ఏ బండి ఎక్కినా గెట్ ఇన్, ఏ బండి దిగినా గెట్ డౌన్.

వాస్తవం: ఇక్కడ మన రెండు భాషలూ సాయం రావు. బస్సయినా ఆటో అయినా సైకిలయినా తెలుగులో ఎక్కడమే, ఒడియాలో చఢిబా. ఇంగ్లీష్ వాడు ఇంకోటి చూస్తాడు. లోపల లేచి నిలబడి నడవడానికి వీలుందా? బస్సు, రైలు, ఓడ, విమానం అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. వంగి దూరి కూర్చోవాల్సిన కారు, ఆటో అయితే గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్. సైకిలు, మోటారు సైకిలు, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి వాటికీ ఆన్, ఆఫ్‌లే. మా రోడ్ల మీద షేర్ ఆటో వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాడికి ఏం వాడాలని ఒకడు అడిగాడు. వాడికి ఆన్ అనే చెప్పాను, మనస్ఫూర్తిగా.

ఇక గెట్ డౌన్. మన దేశపు ఇంగ్లీష్‌లో అది పాతుకుపోయింది. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైల్లో "ఐ విల్ గెట్ డౌన్ ఎట్ పర్లాకిమిడి" అంటే పక్కవాళ్లు సర్దుకుని దారిస్తారు, తప్పు పట్టరు. బయటి దేశం వాడికి మాత్రం చెట్టు మీంచో గోడ మీంచో దిగుతున్నట్టు వినిపిస్తుంది, లేదా కిందికి వంగమని అరిచినట్టు. ఊళ్లో ఎలా మాట్లాడినా, పరీక్షలో గెట్ ఆఫ్ రాయండి.

నేను చేసిన పొరపాటూ చెప్పాలి. కొత్తలో ఒక అమ్మాయి "ఐ గాట్ ద బస్ ఎట్ పాతపట్నం" అని రాసింది. ఆన్ ఏదని ఎర్ర ఇంకుతో కొట్టేశాను. నిజానికి ఆ వాక్యంలో తప్పేమీ లేదు. గాట్ ఆన్ అంటే మెట్టు మీద కాలు పెట్టి ఎక్కడం. గాట్ ద బస్ అంటే బస్సు అందుకుని అందులో వెళ్లడం. ఆ పిల్ల 'బస్సెక్కాను' అన్న తెలుగుని చూసి తోక వదిలేసి ఉండొచ్చు, అయినా రాసింది మంచి ఇంగ్లీషే. మర్నాడు కొట్టివేత మీద రైట్ పెట్టి ఇచ్చాను.

అపోహ: తెలుగులో 'కి' ఉంటే ఇంగ్లీష్‌లో టు పెట్టాలి, 'తో' ఉంటే విత్ పెట్టాలి.

వాస్తవం: తెలుగులో ఇంటికి అన్నా, ఒడియాలో ఘరకు అన్నా ఏదో ఒక తోక ఉంటుంది కాబట్టి పిల్లలు గెట్ టు హోమ్ అంటారు. పాతపట్నం చేరితే గెట్ టు పాతపట్నం సరే. హోమ్, హియర్, దేర్‌కి మాత్రం టు వద్దు. వింతగా ఉందా? మనం మాత్రం బడికెళ్లాడు అంటూనే ఊరెళ్లాడు అనమూ? ఊరికి వచ్చేసరికి ఆ కి ఎటు పోయింది? పెళ్లి విషయంలో మనం ఫలానా వాళ్లతో అంటాం, ఇంగ్లీష్‌లో గెట్ మ్యారీడ్ టు. ఆ తర్వాత ఆ ఇద్దరికీ పొసగడానికి గెట్ ఆన్ విత్ కావాలి. అక్కడ విత్ వస్తుంది.

అపోహ: తోకని ఎక్కడ పెట్టినా ఒకటే.

వాస్తవం: ఇచ్చిన అప్పు తిరిగొచ్చిందనుకోండి. గాట్ ద మనీ బ్యాక్, గాట్ బ్యాక్ ద మనీ, రెండూ చెల్లుతాయి. మనీ బదులు ఇట్ వస్తే గాట్ ఇట్ బ్యాక్ ఒక్కటే చెల్లుతుంది. బ్యాక్ ఇక్కడ క్రియకి అతుక్కున్న మాట, అందుకే అటూ ఇటూ జరుగుతుంది. గెట్ ఆన్ ద బస్‌లో ఆన్ బస్సుని పట్టుకుని ఉంది, కదలదు. ఇట్ వచ్చినా గెట్ ఆన్ ఇట్ అనాల్సిందే. గెట్ ఓవర్ ఇట్ అంటే ఆ బాధలోంచి తేరుకో అని. గెట్ ఇట్ ఓవర్ విత్ అంటే ఇష్టం లేని పనిని తొందరగా వదిలించుకో అని, పన్ను పీకించుకోవడం లాంటిది.

అపోహ: గెట్ రాస్తే మార్కులు పోతాయి.

వాస్తవం: ఆఫీసుకు రాసే ఉత్తరంలో రిసీవ్డ్ అనండి, బాగుంటుంది. స్నేహితుడికి రాసే ఉత్తరంలో గాట్ రాయొచ్చు.

అపోహ: ప్రెపొజిషన్‌తో, అంటే ఆన్, ఇన్ లాంటి మాటతో, వాక్యం ముగించకూడదు.

వాస్తవం: 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, తనకి ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాలు అలా ముగుస్తున్నాయని తప్పుపట్టాడు. తర్వాతి వ్యాకరణాలు దాన్ని రూల్ చేసి కూర్చోబెట్టాయి. జనం మాత్రం మానలేదు. వాడుక భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడ కూర్చుని ఆ రూల్‌కి భయపడమని పిల్లలకి నేనైతే చెప్పను. కొత్తగా చేరినవాళ్లని మొదటిరోజు "విచ్ బస్ డిడ్ యూ గెట్ ఆన్?" అనే అడుగుతాను. ఆటోలో వచ్చామన్నవాళ్లని అడగడానికి ఇంకో ప్రశ్న ఉంది: "వేర్ డిడ్ యూ గెట్ ఇన్?"